క్రైస్తవుడు, క్రైస్తవ్యము: ఒక పేరు పుట్టుపూర్వోత్తరాలు

మన ప్రసంగ వేదికల మీద తరచుగా వినబడే మాటలు మూడున్నాయి. ‘క్రైస్తవ్యం మతం కాదు, మార్గం’ అన్నది మొదటిది. ‘క్రైస్తవుడు అంటే చిన్న క్రీస్తు’ అన్నది రెండవది. ‘అంతియొకయ ప్రజలు ఎగతాళిగా పెట్టిన పేరును మన ఆది విశ్వాసులు ఘనతగా ఎంచుకొన్నారు’ అన్నది మూడవది. ఈ మూడింటినీ మేమూ ప్రసంగించినవారమే. విన్నవారు ఆమేన్ అన్నారు కూడా. అయితే వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర చెప్పేటప్పుడు వీటికి మూలాధారాలేమిటని విద్యార్థులు అడిగితే, ఆమేన్‌తో పని జరగదు. ఈ వ్యాసంలో ఆ పేరు ఎక్కడ, ఎలా, ఎవరి నోట పుట్టిందో, అది మొదట ఏ అర్థాన్నిచ్చిందో మూల గ్రంథాల వెలుగులో పరిశీలించడానికి ప్రయత్నిస్తున్నాము. మూడు మాటల్లో ఒకటి పూర్తిగా తప్పు, ఒకటి సగం నిజం, మరొకటి నిరూపణ కానిది అని మా పరిశీలనలో తేలింది.

అభిషిక్తుడు అనే బిరుదు

‘క్రీస్తు’ అనేది పేరు కాదు, బిరుదు అని మనందరికీ తెలుసు. హెబ్రీ భాషలోని ‘మాషియహ్’ అనే మాటకు అభిషేకింపబడినవాడు అని అర్థం. దావీదు గుహలో సౌలు మీద చెయ్యి వేయడానికి వెనుకాడింది అతడు యెహోవా అభిషిక్తుడు అన్న కారణంగానే (1 సమూయేలు 24:6). యెషయా గ్రంథం పారసీక రాజైన కోరెషును కూడా ఈ మాటతోనే పిలుస్తుంది (45:1). పాత నిబంధనను గ్రీకులోకి అనువదించినవారు దీనికి ‘క్రిస్తోస్’ అనే మాట వాడారు. ‘క్రియో’ అనే క్రియకు పూయుట, రాయుట అని అర్థం. క్రొత్త నిబంధనలో ‘మెస్సీయ’ అనే శబ్దం గ్రీకు అక్షరాలలో యథాతథంగా కనబడేది యోహాను సువార్తలో రెండు చోట్ల మాత్రమే (1:41, 4:25). మిగిలిన అన్ని చోట్లా ‘క్రిస్తోస్’ అనే మాటే ఉంది.

ఇక్కడ ఒక చిక్కుంది. ప్రార్థనా మందిరంలో పెరిగిన యూదునికి ‘క్రిస్తోస్’ అనగానే దావీదు సింహాసనం గుర్తుకు వస్తుంది. ఆ నేపథ్యం లేని గ్రీకువానికి వినిపించేది ‘పూతమందు’ వంటి ఒక మాట. క్రీ.పూ. 5వ శతాబ్దపు నాటకకర్త యూరిపిడిస్ తన ‘హిప్పోలిటస్’ నాటకంలో ఒక మందు గురించి అడిగేటప్పుడు అది పూసేదా, తాగేదా అనే సందర్భంలో ఈ మాటే వాడాడు. కనుక అన్యజనులు దీనిని బిరుదుగా గ్రహించలేదు, ఎవరో ఒక మనిషి పేరుగానే తీసుకొన్నారు. ‘క్రైస్తవుడు’ అనే పేరు పుట్టుకకు ఈ అపార్థమే తలుపు తీసింది.

అంతియొకయలో ఏమి జరిగింది?

క్రొత్త నిబంధనలో ‘క్రిస్తియానోస్’ అనే మాట వచ్చేది మూడు చోట్ల మాత్రమే: అపొస్తలుల కార్యములు 11:26, 26:28, 1 పేతురు 4:16. పౌలు తన పత్రికలలో ఒక్కసారైనా ఈ మాట వాడలేదు. ఆయన పత్రికలలో మనకు కనబడేది పరిశుద్ధులు, సహోదరులు, క్రీస్తునందున్నవారు అనే మాటలే. లూకా వాడిన రెండు చోట్ల కూడా ఒకటి కథకుడి సమాచారం, మరొకటి అగ్రిప్ప రాజు నోటి మాట. ఏ విశ్వాసీ మరొక విశ్వాసిని ఆ పేరుతో పిలిచినట్లు లూకా ఎక్కడా వ్రాయలేదు.

అంతియొకయను క్రీ.పూ. 300లో మొదటి సెల్యూకస్ స్థాపించాడు. క్రీ.పూ. 64లో సిరియా రోమా ప్రాంతం కావడంతో అది ప్రాంతీయ ముఖ్యపట్టణమైంది. రోమా సామ్రాజ్యంలో దానిది మూడవ స్థానమని జోసీఫస్ వ్రాశాడు. వీధి భాష గ్రీకు, చుట్టుపక్కల పల్లెల భాష అరామిక్, అధికారుల భాష లాటిన్. ‘క్రిస్తియానోస్’ అనే మాటలో ఈ మూడు లోకాలూ కలిసి ఉన్నాయి: భావం హెబ్రీ, ధాతువు గ్రీకు, ప్రత్యయం లాటిన్. ‘-ఇయానుస్’ అనే లాటిన్ ప్రత్యయం ఒక నాయకుని పేరుకు చేరితే అతని పక్షంవారు, అతని మనుషులు అని అర్థం. పాంపే పక్షం వారు పాంపేయానులు, కైసరు మనుషులు కైసరియానులు. సువార్తలలో కనబడే హేరోదీయులు కూడా ఈ మూసలో పోసిన మాటే (మార్కు 3:6; 12:13). నీరో పాటలు పాడుతుంటే చప్పట్లు కొట్టడానికి క్రీ.శ. 59లో ఏర్పాటైన దళానికి అగస్తియానులు అని పేరు.

దీన్నిబట్టి ‘చిన్న క్రీస్తు’ అనే వివరణ నిలబడదు. ఈ ప్రత్యయానికి చిన్నతనాన్ని సూచించే శక్తి లాటిన్‌లో గాని గ్రీకులో గాని లేదు. హేరోదీయుడు చిన్న హేరోదు కానట్లే క్రైస్తవుడు చిన్న క్రీస్తు కాడు. అతడు క్రీస్తు మనిషి, క్రీస్తు పక్షమువాడు. ప్రసంగానికి ఈ అసలు అర్థమే ఎక్కువ బలం ఇస్తుందని మా నమ్మకం. మన పల్లెల్లో ‘వాడు ఫలానా వారి మనిషి’ అన్నప్పుడు వినేవారికి ఏమి అర్థమవుతుందో, అంతియొకయలో వినేవారికీ అదే అర్థమై ఉంటుంది.

మరి పెట్టింది ఎవరు? యూదులు కాదన్నది దాదాపు ఖాయం. యూదులు క్రీస్తు కొరకు ఎదురుచూస్తున్నవారే. తాము ఒప్పుకోని ఒక గుంపుకు ‘క్రీస్తువారు’ అనే పేరు ఇచ్చివేయడం వారు చేయని పని. వారి నోట వినబడే పేరు ‘నజరేయులు’ (అపొ.కా. 24:5). ఆ పేరు తూర్పు దేశాలలో చాలాకాలం నిలిచింది. 3వ శతాబ్దంలో పారసీక దేశపు ప్రధాన పూజారి కర్తీర్ చెక్కించిన శాసనంలో తాను హింసించిన వారి పట్టికలో ‘నజరాయులు’ అనీ ‘క్రిస్తియానులు’ అనీ రెండు పేర్లు వేరువేరుగా ఉన్నాయి. మన కేరళలోని తోమా క్రైస్తవులు నస్రానీలు అని పిలువబడేది ఆ పాత పేరుతోనే.

మిగిలింది శిష్యులే తమకు తాము పెట్టుకొన్నారా, అన్యజనులు పెట్టారా అన్న ప్రశ్న. ఇది గ్రీకు క్రియ మీద ఆధారపడిన వివాదం. మన తెలుగు బైబిలులో ‘అనబడిరి’ అని కర్మణి ప్రయోగం ఉంది. గ్రీకులో ఉన్నది ‘ఖ్రేమతిసాయ్’ అనే కర్తరి రూపం. వ్యాపారం, వ్యవహారం అనే అర్థాల నుండి పుట్టిన ఈ క్రియకు ‘ఒక పేరుతో వ్యవహరించుట, ఒక పేరు కలిగియుండుట’ అనే అర్థం ఏర్పడింది. రోమీయులకు 7:3లో వ్యభిచారిణి అనే పేరు పొందుతుంది అన్నచోట ఉన్నది కూడా ఈ క్రియే. ఎలియాస్ బికర్‌మన్ 1949లో ఈ కర్తరి రూపం మీదనే తన వాదాన్ని కట్టి, శిష్యులు తామే రాజైన క్రీస్తు సేవకులమని ఈ పేరు ధరించారన్నాడు. అంతకు మూడేళ్ళ ముందు, 1946లో, ఎరిక్ పీటర్సన్ దీనికి భిన్నంగా, ఇది రోమా అధికారులు పెట్టిన పేరు, రాజకీయ పక్షానికి పెట్టే తరహా పేరు అని వాదించాడు.

మేము పీటర్సన్ వైపే మొగ్గుతాము. శిష్యులే ఎంచుకొన్న పేరైతే పౌలు పత్రికలలో దాని జాడ లేకపోవడానికి కారణం చెప్పలేము. ఆయన సంవత్సరం పాటు ఆ ఊళ్ళోనే బోధించాడు కదా. లాటిన్ ప్రత్యయం కూడా గ్రీకు వీధి కన్నా అధికారుల కచేరీ వైపే వేలు చూపుతుంది. అయినా ‘ఖ్రేమతిసాయ్’ అనే క్రియ చెప్పేది ఆ పేరు వారికి వాడుక అయిందనే గాని, ఎవరు మొదలుపెట్టారని కాదు. ఎగతాళి సంగతి అంతకన్నా బలహీనం. అంతియొకయ ప్రజలకు పేర్లు పెట్టి ఏడిపించడం అలవాటన్నది నిజమే. క్రీ.శ. 363లో జూలియన్ చక్రవర్తి తన గడ్డాన్ని వెక్కిరించిన ఆ పట్టణంవారి మీద ఒక పుస్తకమే వ్రాశాడు. కాని 11:26లో వెక్కిరింత ధ్వని ఏదీ లేదు. మూడు శతాబ్దాల తర్వాతి అలవాటును వెనక్కి తీసుకువెళ్ళి ఆ వచనంలో పెట్టడం చరిత్ర పద్ధతి కాదు. అగ్రిప్ప మాటలో వ్యంగ్యం ఉందంటే ఒప్పుకోవచ్చు.

మన వ్యాఖ్యానాలలో అంతగా కనబడని మరొక సంగతి మాకు ముఖ్యంగా తోస్తుంది. యూదులు కాని గ్రీకు దేశస్థులకు సువార్త ప్రకటింపబడిన తర్వాతే (11:20) ఈ పేరు పుట్టింది. అంతవరకు బయటివారి దృష్టిలో శిష్యులు యూదులలో ఒక తెగ. సున్నతి ఉన్నవారూ లేనివారూ ఒకే బల్ల దగ్గర కూర్చొనేసరికి ఆ గుంపును యూదులనడానికీ వీలులేకపోయింది, గ్రీకులనడానికీ వీలులేకపోయింది. కొత్త పేరు కావలసివచ్చింది. ఆ బల్ల ఎంతకాలం అలా నిలిచిందో గలతీయులకు 2:11-14 చెబుతుంది. యాకోబు యొద్దనుండి కొందరు రాగానే పేతురు వెనుకకు తగ్గాడు, బర్నబా కూడా వారితో కలిసిపోయాడు. పేరు పుట్టిన ఊళ్ళోనే, ఆ పేరు పుట్టడానికి కారణమైన బల్ల దగ్గరే, చీలిక వచ్చింది. తెలుగు సంఘంలో పరిచర్య చేసేవారికి దీని గురించి ఎక్కువ వివరించనక్కరలేదు.

ఒక అక్షరం తేడా

రోమా చరిత్రకారుడు సూటోనియస్, క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా నుండి వెళ్ళగొట్టిన సంగతి చెబుతూ, ‘క్రేస్తుస్’ అనేవాని ప్రేరణతో వారు అల్లర్లు చేసినందున అలా జరిగిందని వ్రాశాడు. అకుల, ప్రిస్కిల్ల కొరింథుకు వచ్చింది ఆ ఆజ్ఞ వల్లనే (అపొ.కా. 18:2). క్రేస్తుస్ అంటే మంచివాడు, పనికివచ్చేవాడు. బానిసలకు సర్వసాధారణంగా పెట్టే పేరు. క్రీస్తు అనే మాటను సూటోనియస్ గాని అతని ఆధారాలు గాని ఈ బానిస పేరుగా పొరబడి ఉంటారని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ రోజుల్లో గ్రీకు ఉచ్చారణలో దీర్ఘ ఏకారం ఇకారంగా మారుతూ ఉండడం వల్ల రెండు మాటలూ చెవికి ఒక్కటిగానే వినబడేవి.

పొరపాటు అతనొక్కడిదే కాదు. రోమా దహనం (క్రీ.శ. 64) గురించి టాసిటస్ వ్రాసిన భాగానికి ఆధారమైన 11వ శతాబ్దపు వ్రాతప్రతిలో లేఖకుడు మొదట ‘క్రేస్తియానులు’ అని వ్రాయగా, ఆ ‘ఎ’ను తర్వాత ‘ఇ’గా దిద్దిన గుర్తు కనబడుతుంది. మరీ ఆశ్చర్యకరమైనది సినాయ్ ప్రతి. 4వ శతాబ్దానికి చెందిన ఆ ప్రఖ్యాత బైబిలు ప్రతిలో క్రొత్త నిబంధనలోని మూడు చోట్లా మొదటి లేఖకుడు వ్రాసింది ‘ఖ్రేస్తియానోస్’ అనే! అంటే ఆ పరిశుద్ధ గ్రంథాన్ని నకలు వ్రాసిన విశ్వాసి చేతికి కూడా ఈ పేరు ‘మంచివారు’ అనే రూపంలోనే అలవాటైంది.

మన పితరులు ఈ గందరగోళాన్ని చక్కగా వాడుకొన్నారు. 2వ శతాబ్దం మధ్యలో జస్టిన్, మంచివారనే పేరున్నవారిని ద్వేషించడం న్యాయమా అని చక్రవర్తినే అడిగాడు. టెర్టూలియన్ 197లో ఇంకాస్త కొంటెగా వాదించాడు. మీకు మా పేరు పలకడం కూడా రాదు, మీరు తప్పుగా పలికినా అది మంచితనాన్నే సూచిస్తుంది, నిందలేని మనుషులలో నిందలేని పేరును మీరు శిక్షిస్తున్నారు అన్నది ఆయన వాదన సారాంశం. పేరు అసలు అర్థం అభిషేకానికి సంబంధించినదని కూడా ఆయన చెప్పాడు. అంతియొకయ అధ్యక్షుడైన థియొఫిలస్ కూడా, దేవుని తైలంతో అభిషేకింపబడినందున మాకు ఈ పేరు వచ్చిందని వ్రాశాడు. భాషాశాస్త్రం ప్రకారం ఇది సరైన వ్యుత్పత్తి కాదు. పేరు వచ్చింది క్రీస్తు నుండి, తైలం నుండి కాదు. కాని పౌలు 2 కొరింథీయులకు 1:21లో క్రీస్తు, అభిషేకించుట అనే మాటలను పక్కపక్కనే పెట్టినప్పుడే ఈ ఆలోచనకు దారి వేశాడు. కనుక థియొఫిలస్‌ను మరీ తప్పుపట్టలేము.

పేరే నేరమైన కాలం

పేతురు పత్రికలో ఈ మాట వచ్చే సందర్భం చూడండి. నరహంతకుడు, దొంగ, దుర్మార్గుడు అనే నేరాల వరుస చెప్పిన వెంటనే, ఒకడు క్రైస్తవుడైనందుకు బాధపడితే సిగ్గుపడనక్కరలేదని పేతురు అంటున్నాడు (4:15-16). న్యాయస్థానంలో చదివే అభియోగాల జాబితాలో ఆ పేరు చేరిపోయిందన్నమాట.

అదే పత్రిక చేరిన ప్రాంతాలలో పొంతు, బితూనియ ఉన్నాయి. క్రీ.శ. 112 ప్రాంతంలో అక్కడి అధిపతి ప్లీనీ ట్రాజన్ చక్రవర్తికి వ్రాసిన ఉత్తరం సంఘ చరిత్ర విద్యార్థులందరూ చదవవలసినది. అతని సందేహం ఇది: క్రైస్తవులను శిక్షించవలసింది ఆ పేరు కలిగి ఉన్నందుకేనా, లేక ఆ పేరుతో ముడిపడిన నేరాలు చేసినందుకా? జవాబు రాకముందే అతడు తన పద్ధతి మొదలుపెట్టాడు. నీవు క్రైస్తవుడవా అని మూడు సార్లు అడగడం, ప్రతిసారీ అవునన్నవారిని మరణానికి పంపడం, రోమా పౌరులైతే రోమాకు పంపడం. కాదన్నవారు చక్రవర్తి ప్రతిమకు ధూపం, ద్రాక్షారసం అర్పించి క్రీస్తును దూషించాలి. నేరాలేమైనా ఉన్నాయేమో తెలుసుకొనడానికి సంఘ పరిచారికలైన ఇద్దరు దాసీలను చిత్రహింసలు పెట్టించాడు. నిర్ణయించుకొన్న దినాన తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవునిగా కీర్తిస్తారు, దొంగతనం, వ్యభిచారం చేయమని ప్రమాణం చేస్తారు అన్న సంగతులు తప్ప అతనికి ఏ నేరమూ దొరకలేదు. ట్రాజన్ జవాబు పొడిగా ఉంది: వారిని వెదకి పట్టుకోవద్దు, ఆకాశరామన్న ఉత్తరాలు లెక్కచేయవద్దు, నిరూపణ అయితే శిక్షించు, దేవతలను పూజించి కాదంటే క్షమించు. అసలు ప్రశ్నకు చక్రవర్తి సూటిగా జవాబు చెప్పలేదు. అయినా కాదన్నవానికి క్షమాపణ ఉన్నదంటే, గతంలో చేసిన పనికి కాదు, ఇప్పుడు ఒప్పుకొన్న పేరుకే శిక్ష అని తేలిపోతున్నది.

అందుకే హతసాక్షుల కథనాలలో ఈ మాటకు అంత బరువు. 177లో గాల్ దేశపు లియోన్స్‌లో సాంక్తస్ అనే పరిచారకుని అధికారులు హింసిస్తూ పేరు, ఊరు, జాతి, దాసుడవా స్వతంత్రుడవా అని అడిగితే, ప్రతి ప్రశ్నకూ అతడు క్రైస్తవుణ్ణని లాటిన్‌లో ఒకే జవాబు చెప్పాడు. గ్రీకులో వ్రాసిన ఆ లేఖ అతని మాట లాటిన్‌లో పలికినదని ప్రత్యేకంగా నమోదు చేసింది. మూడేళ్ళకు, 180 జూలై 17న, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో స్కిల్లి వాసులు పన్నెండుమంది అదే మాట మీద నిలబడి చనిపోయారు. బయటివారు పెట్టిన పేరు విశ్వాసుల స్వంతమైంది ఇటువంటి విచారణలలోనే అని మా అభిప్రాయం. ‘ఘనతగా ఎంచుకొన్నారు’ అన్న మూడవ మాటలోని రెండవ సగం నిజమే. అయితే అది అంతియొకయ వీధుల్లో కాదు, న్యాయపీఠాల ఎదుట జరిగింది.

అంతకు ముందే సంఘం లోపల కూడా ఈ పేరుతో ఒక ఇబ్బంది మొదలైందని చెప్పే గ్రంథం ‘డిడాకే’. ఊరికి వచ్చిన అతిథికి చేతిపని ఉంటే పని చేసుకొని తినాలి, క్రైస్తవుణ్ణని చెప్పుకొని సోమరిగా మీ మధ్య బ్రతకకూడదు అంటుంది 12వ అధ్యాయం. వినకపోతే అతనికి అది ఇచ్చే పేరు ‘క్రిస్తెంపొరోస్’, అంటే క్రీస్తుతో వ్యాపారం చేసేవాడు. గ్రీకు నేర్చుకొంటున్న విద్యార్థులు గుర్తుపెట్టుకోదగిన మాట.

ఇగ్నేషియస్, ‘క్రిస్తియానిస్మోస్’

ఇంతవరకు చూచింది మనిషికి వచ్చిన పేరు. ‘క్రైస్తవ్యము’ అనే భావవాచకం మనకు లభించే గ్రంథాలలో మొదట కనబడేది అంతియొకయ అధ్యక్షుడైన ఇగ్నేషియస్ పత్రికలలో. పదిమంది సైనికుల కాపలాలో రోమాకు మరణశిక్షకై నడిపింపబడుతూ, స్ముర్న, త్రోయ పట్టణాల నుండి ఆయన ఏడు పత్రికలు వ్రాశాడు. సంప్రదాయం దీన్ని ట్రాజన్ కాలంలో (98–117) పెడుతుంది, కొంతమంది పండితులు ఇంకాస్త తర్వాత పెడతారు. ‘క్రిస్తియానిస్మోస్’ అనే మాట మగ్నేసియులకు, రోమీయులకు, ఫిలదెల్ఫియులకు వ్రాసిన పత్రికలలో ఉంది.

ఈ మాట ఆయన ఊరకే కల్పించలేదు. దానికి ఎదురుగా ప్రతిసారీ కాకపోయినా తరచుగా నిలబడే మాట ‘యూదాయిస్మోస్’. ‘-ఇస్మోస్’ అనే గ్రీకు ప్రత్యయం ‘-ఇజెయిన్’ అనే క్రియల నుండి వస్తుంది. పారసీకుల (మాదీయుల) పక్షం వహించడాన్ని గ్రీకులు ‘మేదిస్మోస్’ అన్నారు. అది మాదీయుల మతం కాదు, వారి వైపు చేరడం. 2 మక్కబీయుల గ్రంథంలో ‘హెల్లెనిస్మోస్’ అంటే గ్రీకు పద్ధతులకు మొగ్గడం (4:13). దానికి ఎదురుగా తమ పితరుల ధర్మశాస్త్రానికి కట్టుబడి పోరాడడం ‘యూదాయిస్మోస్’ (2:21). పౌలు గలతీయులకు 1:13-14లో తన పూర్వజీవితం గురించి చెప్పినప్పుడు వాడింది ఈ మాటే. మన తెలుగు అనువాదం అక్కడ ‘మతము’ అనే మాట తెచ్చిపెట్టింది. పౌలు చెబుతున్నది మాత్రం తన పితరుల పారంపర్యాచారాల కొరకు తాను చూపిన తీవ్రమైన ఆసక్తి గురించి. 2007లో స్టీవ్ మేసన్ ప్రచురించిన ఒక దీర్ఘ వ్యాసం ఈ విషయాన్ని మళ్ళీ చర్చకు తెచ్చింది. ప్రాచీన కాలంలో ఈ మాటలకు మనం నేడు అనుకొనే ‘మతం’ అనే అర్థం లేదని ఆయన వాదించాడు.

కనుక ఇగ్నేషియస్ నోట ‘క్రిస్తియానిస్మోస్’ అంటే క్రీస్తు పక్షాన నిలిచి, ఆయన తీరున జీవించడం. అందుకే మగ్నేసియులకు దాని ప్రకారం బ్రతకడం నేర్చుకొమ్మని వ్రాశాడు, నమ్మమని కాదు. రోమీయులకు, లోకం ద్వేషించినప్పుడు అది ఒప్పించే మాటల పని కాదు, ఘనమైన శక్తి అని వ్రాశాడు. పిలువబడడం చాలదు, అయి ఉండాలి అన్నది ఆయన పదేపదే చెప్పే మాట. సింహాలకు ఆహారంగా వెళ్తున్నవాడు చెప్పినందున ఆ మాటకు ఆ విలువ.

అయితే ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఇగ్నేషియస్ ఈ రెండు మాటలను ఎదురెదురుగా నిలబెట్టిన తీరు తర్వాతి శతాబ్దాలలో యూదుల పట్ల సంఘం చూపిన ద్వేషానికి ఒక మెట్టు అయింది. గలతీయులకు 2:14లో పౌలు పేతురును నిలదీసింది ఎవరినీ బల్ల నుండి దూరం చేయకూడదని. ఇగ్నేషియస్ చేతిలో అదే పదజాలం రెండు వర్గాలను వేరుచేసే గోడ అయింది. ఇద్దరి నేపథ్యమూ అంతియొకయే. ఆయన పత్రికలను భక్తితో చదివే మనం ఈ తేడాను గమనించకపోతే ఆ గోడకు మనమూ ఒక ఇటుక పెట్టినవారమవుతాము.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పవచ్చు. 313లో ఆరాధనా స్వేచ్ఛ వచ్చింది. 380లో థియొడోసియస్ ఆజ్ఞ, త్రిత్వ విశ్వాసం గలవారే ‘కతోలిక క్రైస్తవులు’ అనే పేరు ధరించాలని, ఇతరులు మతభ్రష్టులని శాసించింది. ఒకప్పుడు ధరిస్తే శిక్ష పడిన పేరును ఇప్పుడు ఎవరు ధరించవచ్చో ప్రభుత్వమే నిర్ణయించింది. మధ్యలో జూలియన్ మాత్రం పట్టుబట్టి వారిని ‘గలిలయులు’ అనే పిలిచాడు. పేరుకున్న బలం ఆయనకు తెలుసు.

ఇప్పుడు ‘మతం కాదు, మార్గం’ అనే మాటకు వద్దాము. మార్గము అనేది శిష్యుల సమాజానికి లూకా వ్రాసిన పాత పేర్లలో ఒకటి (9:2, 19:9, 23, 22:4, 24:14, 22). ఫేలిక్సు ఎదుట పౌలు, వారు మతభేదమని పేరుపెట్టిన ఈ మార్గము అని చెప్పుకొన్నాడు. కాబట్టి ఈ నినాదానికి వాక్యాధారం లేకపోలేదు. విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ 1963లో ప్రచురించిన గ్రంథంలో చూపినట్లు, విశ్వాసాన్ని ఒక వ్యవస్థగా, ఇతర వ్యవస్థల పక్కన పెట్టి లెక్కించే అలవాటు ఆధునిక కాలంలో బలపడినదే. అయినా మన నినాదం తెలుగులో చెప్పదలచినది చెప్పలేకపోతున్నదని మా సందేహం. సంస్కృతంలో ‘మతము’ అంటే అభిప్రాయం, తలంపు. ‘నా మతం ఇది’ అంటే నా అభిప్రాయం ఇది అని. ‘మార్గము’ అంటే మన హిందూ పొరుగువారికి భక్తిమార్గం, జ్ఞానమార్గం, కర్మమార్గం. ‘మాది మార్గం’ అని మనమంటే, అలాగా, అయితే ఇంకొక మార్గమన్నమాట అని వారు తలాడిస్తారు.

తెలుగులో ఈ పేరు

‘క్రైస్తవ’ అనే రూపాన్ని మొదట కూర్చిన పండితుడెవరైనా సంస్కృత వ్యాకరణం బాగా తెలిసినవాడే. విష్ణు – వైష్ణవ, పాండు – పాండవ, మను – మానవ అన్న వరుసలోనే క్రీస్తు – క్రైస్తవ. మొదటి అచ్చుకు వృద్ధి, చివరి ఉకారానికి గుణం, ఆపై తద్ధిత ప్రత్యయం. పాణిని ఈ తరహా ప్రత్యయానికి చెప్పిన అర్థాలలో మూడు మనకు ప్రధానం: అతని సంతానం, అతడే దేవతగా గలవాడు, అతనికి చెందినది. లాటిన్ ‘-ఇయానుస్’కు ఉన్నది మూడవ అర్థమే. వైష్ణవునిలో రెండవ అర్థం, పాండవునిలో మొదటి అర్థం పలుకుతాయి. అంతియొకయ కచేరీలో పుట్టిన మాట ‘క్రీస్తు పక్షమువాడు’ అనే చెబితే, మన తెలుగు మాట వ్యాకరణరీత్యా ‘క్రీస్తు ఇంటివాడు’ అని కూడా చెప్పగలదు. గ్రీకు మూలంలో లేని ఈ సంపదను ప్రసంగీకులు వాడుకోవచ్చు, అది తెలుగు మాట ఇచ్చినదని చెప్పినంతవరకు. ‘క్రైస్తవ్యము’ బ్రాహ్మణ – బ్రాహ్మణ్యము వంటి భావవాచకం. ‘ఇస్మోస్’లో ఉన్న క్రియ, కదలిక ఇందులో లేవు. ఇది స్థితిని చెబుతుంది. ఇగ్నేషియస్ మాటను ‘క్రీస్తు మనుషులుగా బ్రతకడం’ అని విడమరచి చెప్పడమే మేలని మేము విద్యార్థులకు సూచిస్తుంటాము.

పల్లెల్లో అయితే ఈ రెండు మాటలూ పుస్తకాల మాటలే. ‘కిరస్తానం పుచ్చుకొన్నారు’ అని బయటివారు అంటారు, తరచుగా కాస్త పెదవి విరిచి. లోపలివారు తమను తాము పిలుచుకొనేది విశ్వాసులమని, దేవుణ్ణి నమ్ముకొన్నవారమని. బయటివారికి ఒక పేరు, లోపలివారికి మరొకటి ఉన్న మొదటి శతాబ్దపు పరిస్థితి మన ఊళ్ళలో ఇంకా సజీవంగా ఉంది.

ప్రభుత్వ దస్త్రాలలో మూడవ పేరుంది. 1950 ఆగస్టు 10న వెలువడిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలుపుకొన్న సవరణల తర్వాత, హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు కాక వేరొక మతం అవలంబించేవారిని షెడ్యూల్డు కులాల వారిగా ఎంచదు. క్రైస్తవులైన దళితులు మన రాష్ట్రాలలో వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గంలోకి వస్తారు. కూలి మారలేదు, వాడ మారలేదు, ఊరు చూసే చూపు మారలేదు. పేరు మారితే ధ్రువపత్రం మారుతుంది. దీన్ని బితూనియ విచారణలతో సమానం చేయడం అతిశయోక్తి అవుతుంది, ఇక్కడ ఎవరినీ చంపడం లేదు. అలాగని రెండు పేర్లతో బ్రతికే కుటుంబాలను వేదిక మీద నుండి పిరికివారని నిందించే బోధకులతో మేము ఏకీభవించలేము. బిడ్డను బడిలో చేర్చేటప్పుడు ‘మతం’ అనే గడి దగ్గర కలం ఆగిపోయిన తండ్రి, ఆరాధన ముగిశాక అందరూ వెళ్ళేవరకు ఆగి, అయ్యగారూ, అక్కడ ఏమి వ్రాయమంటారు అని మెల్లగా అడుగుతాడు. ప్లీనీ చక్రవర్తిని అడిగింది ఈ ప్రశ్నే, అటువైపు నుండి.